పెరంబూరు మాస్టారి గ్రాఫు ట్యూషన్: ఎనిమిది శనివారాల తరువాత

చెన్నైలో పెరంబూరు లోకో వర్క్స్ స్టేషనులో దిగి పది నిమిషాలు నడిస్తే వచ్చే ఒక ఇంటి ముందుగదిలో, శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు, సరళరేఖల గ్రాఫులు చదవడం మాత్రమే నేర్పే ట్యూషన్ ఒకటి నడుస్తోంది. దానికి బోర్డు లేదు, కరపత్రం లేదు, పేరు కూడా లేదు. ఆ వీధిలోని తెలుగువాళ్ళు మాస్టారి ట్యూషన్ అంటారు, తమిళులు గ్రాఫ్ సార్ వీడు, అంటే గ్రాఫ్ సార్ ఇల్లు, అంటారు. ఎనిమిది వారాలకు 2400 రూపాయలు. గ్రాఫు పుస్తకం, పెన్సిలు, స్కేలు మనమే తెచ్చుకోవాలి. తమిళనాడు రాష్ట్ర సిలబసులో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని మొన్నటి విడతలో చేర్పించాను. మొదటి రెండు వారాలు అనుమానంతోను, తరువాతి ఆరు వారాలు ఆసక్తితోను నేను కూడా గదిలో వెనక బల్ల మీద కూర్చున్నాను కాబట్టి, ఆ డబ్బుకు ఏమి వచ్చింది, ఏమి రాలేదు అన్నది కొంత వివరంగా రాస్తున్నాను.

ముందు నా అనుమానానికి కారణం చెప్పాలి. గణితంలో ఇన్ని అధ్యాయాలు ఉండగా, కాగితం మీది గీతను చూసి దాని వాలు (అది ఎంత ఏటవాలుగా ఉందో), అంతరఖండం (అక్షాన్ని ఎక్కడ కోస్తుందో) చెప్పడమనే ఒక్క చిన్న పనికి ఎనిమిది వారాలు ఎందుకన్నది మొదటి ప్రశ్న. రెండవది, మా అమ్మాయి అంతకు ముందు ఏడాది ఏసీ గదులు, ప్రొజెక్టరు ఉన్న ఒక పెద్ద కోచింగ్ సెంటరులో ఈ పాఠం పూర్తిచేసే వచ్చింది. వై = ఎం ఎక్స్ + సి అని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది; ఎం అంటే వాలు, సి అంటే వై-అంతరఖండం అని కూడా చెబుతుంది. రెండు బిందువుల నిరూపకాలు ఇస్తే వై విలువల తేడాను ఎక్స్ విలువల తేడాతో భాగించి వాలు తీస్తుంది. ఇంతకు మించి నేర్చుకోవలసింది ఏముందో నాకు నిజంగా అర్థం కాలేదు. ఆ కోచింగులో నిరూపకాలు ఎప్పుడూ ప్రశ్నలోనే అచ్చువేసి ఉండేవని, గీత ఉండి అంకెలు లేని కాగితాన్ని ఆ పిల్ల ముందు ఎవరూ ఎన్నడూ పెట్టలేదని మొదటి శనివారం సాయంత్రం ఐదు గంటలకు తెలిసింది.

ఆ రోజు మాస్టారు తలా ఒక గ్రాఫు కాగితం పంచారు. ఒక ఇంటి సంపులో ఏ రోజుకు ఎంత నీరు మిగిలి ఉందో చూపే గ్రాఫు అది. ఎక్స్-అక్షం మీద 1 సెంటీమీటరుకు 1 రోజు. వై-అక్షం మీద 1 సెంటీమీటరుకు 1000 లీటర్లు. గీత వై-అక్షం మీద 9000 దగ్గర మొదలై కుడివైపుకు దిగుతూ, ఐదో రోజు దగ్గర సరిగ్గా 6000 స్థాయిని తాకుతుంది. వాలు ఎంత అని అడిగారు. మా అమ్మాయి గడులు లెక్కపెట్టింది: కిందికి మూడు, పక్కకు ఐదు, కాబట్టి −0.6. పక్కనున్న అబ్బాయి కంపాస్ బాక్సులోంచి ప్రొట్రాక్టర్ తీసి, గీత ఎక్స్-అక్షంతో చేసే కోణం 149 డిగ్రీలని కొలిచి, త్రికోణమితి పట్టికలో ఆ కోణపు టాన్ విలువ చూసి, అతను కూడా −0.6 అనే చెప్పాడు. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావడంతో ఇద్దరికీ ధైర్యం వచ్చింది. ఒక తప్పుకు ఇంకొక తప్పు సాక్ష్యం చెప్పినట్టయింది. మాస్టారు కాగితం చేతిలోకి తీసుకుని, "అయితే మీ ఇంట్లో రోజుకు అరలీటరు పైచిలుకు నీళ్ళతో గడిచిపోతుందన్నమాట. 2019 ఎండాకాలంలో కూడా మద్రాసులో ఇంత పొదుపైన ఇల్లు నేను చూడలేదమ్మా" అన్నారు. ఆ వేసవిలో లారీ నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని నిలబడిన జ్ఞాపకం ఉన్న పిల్లలు కావడం వల్ల, ఎక్కడ పొరపాటు జరిగిందో ఆయన చెప్పకముందే సగం మందికి అందింది.

గడులు మూడు, ఐదు అన్నది నిజమే కాని నిలువు గడి విలువ 1000 లీటర్లు, అడ్డ గడి విలువ 1 రోజు. కాబట్టి తగ్గింది 3000 లీటర్లు, గడిచింది 5 రోజులు, వాలు −600. ఊరికే −600 కూడా కాదు, రోజుకు −600 లీటర్లు. వాలుకు ఒక ప్రమాణం ఉంటుందని, అది వై ప్రమాణాన్ని ఎక్స్ ప్రమాణంతో భాగిస్తే వచ్చేదని, ఆ ప్రమాణాన్ని రాయని జవాబును తాను దిద్దనని ఆయన అప్పుడే తేల్చిచెప్పారు. ప్రొట్రాక్టర్ విషయంలో ఇంకొంచెం సేపు ఆగారు. వాలు అంటే వంపు కోణానికి టాన్ విలువ అని పాఠ్యపుస్తకం చెప్పేది సత్యమే, అయితే రెండు అక్షాల మీద స్కేలు ఒక్కటే అయినప్పుడే కాగితం మీద కనిపించే కోణానికి ఆ మాట వర్తిస్తుంది. వై-అక్షం మీద 1 సెంటీమీటరుకు 2000 లీటర్లు తీసుకుని అదే సంపును మళ్ళీ గీయించారు. గీత చాలా పడుకున్నట్టు కనిపించింది, ప్రొట్రాక్టర్ వేరే కోణం చూపించింది, వాడకం మాత్రం రోజుకు 600 లీటర్లే. మా కోచింగ్ సెంటరు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

అదే గ్రాఫు మీద అంతరఖండాల పాఠం కూడా అయిపోయింది. వై-అంతరఖండం 9000, అంటే లెక్క మొదలుపెట్టిన రోజు సంపులో ఉన్న నీరు. గీతను స్కేలుతో కిందికి పొడిగిస్తే అది ఎక్స్-అక్షాన్ని 15 దగ్గర తాకింది, అంటే పదిహేనో రోజుకు సంపు ఖాళీ. వై-అంతరఖండం ఎంతో చెప్పమని పరీక్షలో తరచుగా అడుగుతారు గాని, ఇంటి యజమానికి అవసరమైనది ఎక్స్-అంతరఖండమని, లారీకి ఏ రోజు ఫోన్ చేయాలో చెప్పేది అదేనని మాస్టారు అన్నప్పుడు వెనక బల్ల మీద నాకే నవ్వు వచ్చింది.

ఇక్కడ మాటల సంగతి కొంత చెప్పాలి. మా అమ్మాయికి బడిలో చదువు ఇంగ్లీషు మీడియం, భాషా పాఠం తమిళం. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష మాత్రమే. స్లోప్, ఇంటర్‌సెప్ట్ అన్న మాటలు ఆమెకు గుర్తులుగా తెలుసు, అర్థంగా తెలియవు. మాస్టారు ఒక్కొక్క మాటను మూడు భాషల్లో పలికి బోర్డు మీద రాస్తారు. స్లోప్‌కు తెలుగులో వాలు, తమిళంలో సాయ్‌వు. మేడమీద వాన నీరు గొట్టం వైపు జారడానికి మేస్త్రీ పెట్టే వాటమే ఇదని, ఇరవై అడుగుల మేడకు రెండు అంగుళాల వాటం పెడితే వాలు 120లో 1 వంతని లెక్క కట్టి చూపించారు. ఇంటర్‌సెప్ట్‌కు తమిళ పాఠ్యపుస్తకంలో ఉన్న మాట వెట్టుత్తుండు, అంటే కోసిన ముక్క. తెలుగు అంతరఖండంలోనూ ఆ ఖండమే ఉంది. గీత అక్షాన్ని కోస్తుంది, రెండు అక్షాలు కలిసే మూలబిందువు నుంచి ఆ కోత వరకు ఉన్న ముక్కే అంతరఖండం. ఇది విన్న తరువాత మా అమ్మాయి అంతరఖండాన్ని బిందువుతో కలగలపడం మానేసింది. (0, 9000) అన్నది కోత పడిన చోటు, 9000 అన్నది ముక్క పొడవు. రెండింటినీ వేరుగా చూడటం చిన్న విషయమే గాని, ఇంగ్లీషు మాట ఒక్కటే పట్టుకున్నంత కాలం ఆ తేడా ఆమెకు పట్టుబడలేదు. ఈ త్రిభాషా పద్ధతి వల్ల పాఠం నెమ్మదిస్తుందని ఒక తండ్రి నాతో గొణిగారు. నేను ఆయనతో ఏకీభవించలేదు.

రెండవ, మూడవ వారాలు బిందువులు ఎంచుకోవడానికే పోయాయి. గీత మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా వాలు ఒక్కటే అని పుస్తకంలో ఉంటుంది. కాగితం మీద అలా జరగదు, ఎందుకంటే మన కంటికి, పెన్సిలు మొనకు ఒక మందం ఉంది. గ్రాఫు కాగితం మీద చిన్న గడి 1 మిల్లీమీటరు. ఒక్కొక్క బిందువును చదవడంలో అర మిల్లీమీటరు తప్పు దొర్లిందనుకుంటే, రెండింటి తేడాలో తప్పు 1 మిల్లీమీటరు దాకా పోవచ్చు. బిందువుల మధ్య నిలువు తేడా 1 సెంటీమీటరే అయితే అది నూటికి పది వంతులు. తేడా 10 సెంటీమీటర్లయితే నూటికి ఒక్క వంతు. కాబట్టి గీత గడుల కూడలి మీదుగా స్పష్టంగా పోయే చోట్లు రెండు వెదకాలి, అవి వీలైనంత దూరంగా ఉండాలి. ప్రయోగంలో కొలిచి గుర్తుపెట్టిన బిందువులు గీతకు అటూ ఇటూ చెదిరి ఉన్నప్పుడు, వాటిలోంచి రెండింటిని ఎత్తుకోకుండా గీత మీదివే తీసుకోవాలి. పదకొండో తరగతి పిల్లలు ఇద్దరు ఉండటం వల్ల వేగం, కాలం గ్రాఫులో వాలు త్వరణమని, వై-అంతరఖండం తొలివేగమని, వోల్టేజిని నిలువుగా కరెంటును అడ్డంగా వేస్తే వాలు నిరోధమని, అక్షాలు తారుమారు చేస్తే దాని విలోమమని కూడా వచ్చింది గాని, పదో తరగతి వాళ్ళకు అది చెవిన పడి పోయింది.

గుర్తు విషయం ఆయన తొందరగా ముగించారు, అది సరైనదే. గీతను ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి చదవాలి. ఎక్కితే ధనం, దిగితే ఋణం, అడ్డంగా పోతే సున్న. నిలువు గీతకు అడ్డ తేడా సున్న, సున్నతో భాగించలేము, కాబట్టి దానికి వాలు నిర్వచించబడదు. సున్న వాలు, లేని వాలు ఒకటి కావు. ఇంతే.

నాలుగవ వారం ఇచ్చిన కాగితం నన్ను కూడా బోల్తా కొట్టించింది. సెల్సియస్ డిగ్రీలు అడ్డంగా, ఫారన్‌హీట్ డిగ్రీలు నిలువుగా ఉన్న గ్రాఫు అది. చెన్నై వాతావరణానికి తగినట్టు ఎక్స్-అక్షం 20 దగ్గర మొదలై 45 దగ్గర ముగుస్తుంది. గీత ఎడమ అంచును 68 దగ్గర తాకుతోంది. వై-అంతరఖండం ఎంత అని అడిగితే గదిలో ఉన్న పదకొండు మంది, వెనక బల్ల మీద నేను, అందరమూ 68 అన్నాం. ఎడమ అంచు వై-అక్షం కాదు. ఎక్స్ విలువ సున్న అయిన చోట నిలిచేదే వై-అక్షం, అది ఈ కాగితం మీద అసలు లేదు. 30 దగ్గర 86, 40 దగ్గర 104 చదువుకుని, 18ని 10తో భాగించి వాలు 1.8 అని తీసి, 104 నుంచి 1.8 సార్లు 40, అంటే 72 తీసేస్తే 32 వచ్చింది. నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లో 32 డిగ్రీలు కాబట్టి జవాబు సరిపోయిందో లేదో ఎవరినీ అడగవలసిన పని లేదు. కంటితో చదవగలిగిన అంతరఖండం, లెక్కతో రాబట్టవలసిన అంతరఖండం అని రెండు రకాలు ఉంటాయని, ముందుగా చూడవలసింది అక్షం సున్నతో మొదలైందా లేదా అన్నదని అప్పుడు నాకు తెలిసింది. నేను ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో నెలవారీ గ్రాఫులు చూస్తున్నవాణ్ణి. వాటిలో సగానికి అడుగుభాగం కోసేసి ఉంటుందన్న సంగతి ఆ సాయంత్రం గుర్తుకువచ్చి కొంచెం సిగ్గేసింది.

ఫీజుకు తగిన ఫలితం వచ్చిందని నేను అనుకున్నది ఐదవ వారం ఆటో పాఠంతో. 2013లో తమిళనాడు ప్రభుత్వం నిర్ణయించిన మీటరు ధర ప్రకారం మొదటి 1.8 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12 రూపాయలు. మీటరు వేసే ఆటో దొరికిందని ఊహించుకుని గ్రాఫు గీయమన్నారు. మొదట గీత 25 ఎత్తులో అడ్డంగా పోతుంది, అక్కడ వాలు సున్న. 1.8 దగ్గర మలుపు తిరిగి పైకి ఎక్కుతుంది, 6.8 కిలోమీటర్ల దగ్గర 85 రూపాయలు. 60ని 5తో భాగిస్తే వాలు 12, కిలోమీటరుకు రూపాయల్లో. ఈ ఏటవాలు ముక్కను వెనక్కి, ఎడమ వైపుకు చుక్కల గీతగా పొడిగించమన్నారు. అది వై-అక్షాన్ని 3.4 దగ్గర కోసింది. అంటే సమీకరణం వై = 12 ఎక్స్ + 3.4. ఈ 3 రూపాయల 40 పైసలు ఎవరు, ఎక్కడ, ఎందుకు ఇస్తున్నారన్నది ప్రశ్న.

ఆ ప్రశ్న మీద అరగంట వాదన జరిగింది. ఆటోలో కూర్చోగానే 25 అవుతుంది గాని 3.40 కాదు కాబట్టి ఆ అంతరఖండం ఒట్టి కల్పన అని ఒక వర్గం. గీత 1.8 నుంచి మాత్రమే నిజం, అంతకు ముందు పొడిగించే హక్కు మనకు లేదని మా అమ్మాయి. మాస్టారు తీర్పు చెప్పకుండా పక్కన బెంగళూరు ఆటో వేశారు. అక్కడ 2021 డిసెంబరు నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 30 రూపాయలు, తరువాత కిలోమీటరుకు 15గా ఉండేది. 2025 ఆగస్టు నుంచి 36, 18 అయ్యాయి. రెండు ధరలకూ గీతలు గీసి వెనక్కి పొడిగిస్తే రెండూ సరిగ్గా మూలబిందువు గుండా పోయాయి, అంతరఖండం సున్న. బెంగళూరులో కనీస ధర అంటే రెండు కిలోమీటర్ల ధరే, అంతకు మించి పైసా లేదు. చెన్నైలో 1.8 కిలోమీటర్లకు 12 చొప్పున 21.60 కావాలి, తీసుకునేది 25, మిగిలిన 3.40 కనీస ధరలో దాగి ఉన్న అదనం. ఎవరి చేతికీ విడిగా అందని ఆ సంఖ్యను గీత వెనక్కి వెళ్ళి పట్టుకొచ్చింది. ధరల్లో మార్పు వచ్చి వాలు 15 నుంచి 18కి పెరిగినా అంతరఖండం కదలకపోవడం, అంటే గీత మూలబిందువు దగ్గర మేకు కొట్టినట్టు నిలిచి పైకి తిరగడం, పిల్లలు తామే గమనించి చెప్పారు. వాలు మారితే గీత తిరుగుతుందని, అంతరఖండం మారితే వాలు చెడకుండా పైకో కిందికో జరుగుతుందని విడిగా పాఠం చెప్పనక్కరలేకపోయింది.

ఆ తరువాతే మాస్టారు పాత లాప్‌టాప్ తెరిచారు. గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్లు జియోజీబ్రా, డెస్మోస్ రెండూ చూపించారు. రెండూ ఇంట్లో ఉచితంగా వాడుకోవచ్చు. ఎం, సి విలువలను జారుడు మీటతో కదిపితే గీత కళ్ళముందే కదులుతుంది, అది కాగితం ఇవ్వలేని సౌకర్యం. అయితే తెరను దగ్గరికి లాగినప్పుడు, దూరం నెట్టినప్పుడు అక్షాల మీద అంకెలు చడీచప్పుడు లేకుండా మారిపోతాయి, అక్షాలను విడివిడిగా సాగదీస్తే అదే గీత నిటారుగానో పడుకున్నట్టో కనబడుతుంది. మొదటి వారం సంపు పాఠం అయినవాళ్ళకు అది వినోదం, కానివాళ్ళకు అయోమయం. ఇంటర్నెట్టులో అమెరికా వీడియోలు చూసే పిల్లలకు ఇంకొక చిక్కు ఉంది: అక్కడ అంతరఖండానికి సి బదులు బి రాస్తారు. ఆయన ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, అంతకంటే అవసరం లేదు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది, పరీక్ష కాగితం మీద ఎలా రాయాలన్నది ఈ ట్యూషన్‌లో చెప్పరు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో గ్రాఫు ప్రశ్నకు 8 మార్కులు ఉన్నాయి. విలువల పట్టిక, పై మూలలో స్కేలు, అక్షాల పేర్లు, ఒక్కొక్కదానికి మార్కు ఉంటుంది. మాస్టారికి అర్థం ముఖ్యం, అలంకారం కాదు. దాని ఫలితంగా మా అమ్మాయి బడి పరీక్షలో జవాబు సరిగ్గా రాసి, స్కేలు రాయడం మరిచి మార్కు పోగొట్టుకుంది. స్కేలు గురించే ఎనిమిది వారాలు విన్న పిల్ల స్కేలు రాయకపోవడం విచిత్రమే గాని, బుర్రలో ఉన్నది కాగితం మీదికి రావడానికి వేరే సాధన కావాలి, ఆ సాధన ఇక్కడ లేదు. ఇంటికి పని ఇస్తారు, దిద్దుతారు. కాలం పెట్టి రాయించే పరీక్ష ఒక్కటి కూడా లేదు.

రెండవది, చివరి రెండు వారాలు హడావుడిగా నడిచాయి. సమాంతర రేఖలకు వాలులు సమానమని, లంబ రేఖల వాలుల లబ్ధం −1 అని గంటలో చెప్పేశారు. అక్షాల స్కేళ్ళు వేరైనప్పుడు లంబ రేఖలు కాగితం మీద లంబంగా కనిపించవన్న మాట, ఆయన మొదటి వారం పద్ధతికి సహజమైన కొనసాగింపు, నేను లేచి అడిగితే గాని రాలేదు. అడిగాక చాలా బాగా చెప్పారు, అది వేరే విషయం. ఏ ఎక్స్ + బి వై + సి = 0 రూపంలో ఉన్న సమీకరణం నుంచి వాలు తీయడం అసలు ముట్టుకోలేదు; ఆ రూపంలోని సి అంతరఖండం కాదన్న హెచ్చరిక కూడా లేదు. ఆటో మీద గడిపిన సమయంలో పది నిమిషాలు ఇటు మళ్ళించి ఉండవచ్చునని నాకు అనిపించింది గాని, ఆటో పాఠంలో ఏ పది నిమిషాలు తీసేయాలో చెప్పమంటే చెప్పలేను.

వసతి గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. వెన్ను ఆనించడానికి వీలులేని బల్లలు, ఒక్క ట్యూబులైటు, ఆరు గంటల లోపు నాలుగైదు సార్లు రైలు చప్పుడు. బోర్డు మాత్రం బాగుంది: గోడకు తగిలించిన చుట్టే బోర్డు, పసుపు రంగుతో గడులు గీసినది, వెనక నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక వారం మానేస్తే ఆ పాఠం పోయినట్టే, రికార్డింగు ఉండదు. తోటి పిల్లల పుస్తకం చూసి రాసుకోవాలి. రసీదు ఇవ్వరు. డబ్బు రెండు విడతలుగా ఇస్తామంటే అభ్యంతరం చెప్పలేదు.

గ్రాఫు పుస్తకం కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పారీస్ కార్నర్ దుకాణాల్లో హోల్‌సేల్ ధరకు దొరికిన పుస్తకం మేము మొదట తీసుకున్నాం; అచ్చు ముదురు రంగులో ఉండి పెన్సిలు గీత గడుల్లో కలిసిపోయేది. లేత ఆకుపచ్చ, లేత గోధుమ గడులున్నది తీసుకోండి. జిరాక్స్ తీసిన గ్రాఫు కాగితంలో సెంటీమీటరు సెంటీమీటరు ఉండదని నేను అభ్యంతరం చెబితే, చదివేది గడిని గాని స్కేలుబద్దను కాదు కదా అని మాస్టారు కొట్టిపారేశారు. ఆయన మాటే సరైనది. పెన్సిలు హెచ్‌బీ కంటే 2హెచ్ మేలు, గీత సన్నగా వస్తుంది, అర మిల్లీమీటరు తప్పు అక్కడే సగం తగ్గుతుంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు, పదకొండులో భౌతికశాస్త్రం ప్రయోగాలు మొదలుపెట్టే వాళ్ళకు దీన్ని సిఫారసు చేస్తాను, పరీక్ష రాసే సాధన ఇంకొక చోట చేయించుకోగలిగితే. పబ్లిక్ పరీక్ష నెలలో పెట్టుకుని మార్కుల కోసం చేరేవాళ్ళకు ఇది పనికిరాదు. తరువాతి విడత ఎప్పుడో మాస్టారు ముందుగా చెప్పరు. ఇద్దరో ముగ్గురో వెళ్ళి అడిగితే, పది మంది పోగయ్యాక మొదలుపెడతారు. శనివారం నాలుగున్నరకు ముందు వెళితే మనిషి దొరుకుతారు, ఆరు తరువాత తలుపు తీయరు.